వేగం కోసం కలిపిన రెండు డిస్కులు

నేను నోయిడాలో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఆఫీసు సంగతి కాదు. ఘాజియాబాద్‌లో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రికి శనివారాలు వెళ్ళి, జీతం లేకుండా చేసిన పని గురించి. అందులో నేనొక తప్పు చేశాను. తెలియక చేసిన తప్పయితే ఇంతగా గుర్తుండేది కాదేమో.

ఆ ఆసుపత్రికి నన్ను తీసుకెళ్ళింది మా తెలుగు చర్చిలో ఒక ఆంటీ. బాపట్ల వైపు ఆవిడ. ఢిల్లీలో ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి, ఆర్.కె. పురం క్వార్టర్లో పిల్లల్ని పెంచి పెద్ద చేశారు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ ఆసుపత్రిలో రికార్డుల విభాగం చూసుకుంటున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మెట్ల దగ్గర చెప్పులేసుకుంటుంటే అడిగారు.

"ఏమ్మా, నువ్వు కంప్యూటర్ల పనే కదా చేసేది?"

"సర్వర్లు, ఆంటీ."

"అవే. మా దగ్గర ఒక్క ఎక్స్‌రే తెరుచుకోవాలంటే డాక్టరుగారు వెళ్ళి టీ తాగి రావాల్సొస్తోంది. ఒకసారి వచ్చి చూసిపోరాదూ?"

ఆ శనివారమే వెళ్ళాను. ఎక్స్‌రే గదిలో బల్ల కింద ఒక మామూలు కంప్యూటరు, దాంట్లో ఒకే ఒక్క డిస్కు. ఏడాది కిందట డిజిటల్ మిషను వచ్చినప్పటినుంచీ తీసిన ఎక్స్‌రేలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. డాక్టరు గదినుంచీ, వార్డునుంచీ, రికార్డుల గదినుంచీ అందరూ దాన్నే అడుగుతున్నారు. డిస్కు దాదాపు నిండిపోయింది. ఎక్స్‌రే టెక్నీషియన్ నలభై ఏళ్ళ మనిషి, బులంద్‌షహర్ వైపు ఆయన. ఆసుపత్రిలో అందరూ భయ్యా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన బల్ల కింద కంప్యూటరు మీద చెయ్యేసి చూపించాడు. ఇస్త్రీ పెట్టెలా కాలుతోంది.

నాకు తెలిసిన ఒక ఆఫీసులో పాతబడిందని పక్కన పెట్టేసిన సర్వరొకటి ఉంటే ఆసుపత్రికి ఇప్పించాను. దాని ముందువైపు డిస్కులు పెట్టుకోవడానికి నాలుగు అరలున్నాయి. లోపల రెండు చిన్న డిస్కులు ముందే ఉన్నాయి. ట్రస్టు వాళ్ళు రెండు పెద్ద డిస్కులు కొన్నారు. నాలుగు కొనమని నేను రాసిచ్చాను కానీ, ముందు రెండే వచ్చాయి.

ఇక్కడ కాస్త వివరం చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రెండు డిస్కుల్ని కలిపి వాడటానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి అద్దం పద్ధతి. ఏది రాసినా రెండింటిలోనూ ఒకేసారి రాస్తుంది. ఒకటి పాడైతే రెండోదాంట్లో మొత్తం ఉంటుంది. అయితే రెండు డిస్కులు కొన్నా ఒక డిస్కంత చోటే దొరుకుతుంది. రెండోది పంపకం పద్ధతి. ప్రతి ఫైలునూ ముక్కలు చేసి, ఒక ముక్క ఇక్కడా ఒక ముక్క అక్కడా రాస్తుంది. రెండు డిస్కులూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి వేగం, రెండింటి చోటూ మనదే. కానీ ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. ఇదంతా ప్రత్యేకమైన కార్డేమీ లేకుండా సాఫ్ట్‌వేర్ తోనే చేయొచ్చు. నాలుగు కమాండ్ల పని.

లోపలున్న చిన్న డిస్కుల్ని అద్దంలా కలిపాను. పేషెంట్ల వివరాలు, డాక్టర్ల రిపోర్టులు వాటిలో పెట్టాను. ఎక్స్‌రే బొమ్మలు పెద్దవి. పెద్ద డిస్కుల్ని కూడా అద్దంలా పెడితే ఏడాది తిరక్కుండా నిండిపోతాయి, పైగా వాళ్ళు నన్ను పిలిచిందే వేగం కోసం. పంపకం పద్ధతిలో కలిపేశాను. ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళెవరైనా అలా పెడితే ఊరుకునేదాన్ని కాదు.

ఆంటీకి చెప్పకుండా ఏమీ చెయ్యలేదు. "ఇది తాత్కాలికం ఆంటీ, ఇంకో రెండు డిస్కులు రాగానే మార్చేస్తాను" అన్నాను.

"అప్పటిదాకా పర్లేదా?"

"పర్లేదు. కొత్త డిస్కులే కదా."

ఆవిడ నా మాట నమ్మారు. డాక్టరుగారైతే మౌస్ నొక్కగానే ఛాతీ ఎక్స్‌రే తెరమీద పడటం చూసి, పక్క గదిలోంచి ఇంకో డాక్టరును పిలిచి మరీ చూపించారు. నాకు సమోసాలు తెప్పించారు. ఆ రోజు ఇంటికొస్తూ మెట్రోలో కూర్చుని చాలా సంతోషించిన మాట నిజం. ఆఫీసులో ఎంత పని చేసినా ఎవరూ పక్క గదిలోవాళ్ళను పిలిచి చూపించరు.

రెండు నెలలకే మిగతా రెండు డిస్కులూ వచ్చాయి. "వచ్చాయమ్మా, నా బీరువాలో పెట్టాను" అని ఆంటీ ఫోన్ చేశారు. ఉన్న బొమ్మలన్నీ పక్కకు తీసి, నాలుగు డిస్కుల్నీ కొత్తగా కలిపి, మళ్ళీ లోపల పెట్టాలంటే ఒక రోజంతా పడుతుంది. ఆ రోజంతా ఎక్స్‌రేలు ఆగాలి. వచ్చే శనివారం అన్నాను. ఆ శనివారం ఆఫీసులో కొత్త వెర్షన్ విడుదల. తర్వాతి శనివారం మా అమ్మాయి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్. ఆ తర్వాత చలికాలం పొగమంచు, ఆ తర్వాత పరీక్షలు. ప్రతి ఆదివారం చర్చిలో ఆంటీ కనిపించేవారు. మొదట్లో అడిగేవారు, తర్వాత అడగడం మానేశారు. అంతా బాగానే నడుస్తోంది మరి.

జూన్‌లో ఒక బుధవారం పదకొండు గంటలకు, ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. ఆంటీ వర్కింగ్ డేల్లో ఎప్పుడూ ఫోన్ చెయ్యరు.

"ఏ ఎక్స్‌రే తెరుచుకోవట్లేదమ్మా. పాతవీ లేవు, కొత్తవీ లేవు. పేషెంట్ల పేర్లు వస్తున్నాయి, బొమ్మలు రావట్లేదు."

పేర్లు వస్తున్నాయంటే అద్దం డిస్కులు బాగున్నట్టు. బొమ్మలు రావట్లేదంటే ఏమైందో నాకు కుర్చీలో కూర్చునే తెలిసిపోయింది. సగం రోజు సెలవు పెట్టి, ఆఫీసు ముందు ఆటో ఎక్కాను. వడగాలి మొహాన కొడుతోంది. దారంతా, కేబులేమైనా వదులైందేమో, దుమ్ము పట్టిందేమో అని నాకు నేనే చెప్పుకుంటూ వెళ్ళాను.

కేబులు కాదు. పెద్ద డిస్కుల్లో ఒకటి టక్, టక్ మని ఆగి ఆగి చప్పుడు చేస్తోంది. తీసి వేరే కంప్యూటరుకు తగిలించి చూశాను. అక్కడ ఒక డిస్కు ఉందని కూడా ఆ కంప్యూటరు గుర్తించలేదు. రెండో డిస్కు బాగానే ఉంది. కానీ అందులో ప్రతి ఎక్స్‌రేలోనూ సగం ముక్కలే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా ఆ రోజే బయటపడింది. డిస్కు ఆరోగ్యం కనిపెట్టి, తేడా వస్తే మెయిల్ పంపే ప్రోగ్రాం ఒకటి మొదట్లోనే పెట్టాను. ఆ మెయిళ్ళు ఎక్కడికి వెళ్ళాలో చెప్పడం మర్చిపోయాను. అవి ఆ సర్వర్లోనే ఒక పెట్టెలో పడుతూ వచ్చాయి. తెరిచి చూస్తే మూడు వారాలుగా రోజుకొకటి. డిస్కులో చదవలేని చోట్లు ఉన్నాయని మొదటిది. చివరి మెయిల్లో ఆ సంఖ్య వందల్లో ఉంది. ఒక్కటి నా ఫోనుకు వచ్చినా ఏ ఇబ్బందీ లేకుండా బయటపడేవాళ్ళం. వాటిని ఒక్కొక్కటీ మొదటినుంచీ చదివాను. చదివి లాభం లేదని తెలిసినా చదివాను.

ఆంటీ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"పోయాయా?"

"పోయాయి ఆంటీ. డిస్కులు మార్చాల్సింది నేనే. బీరువాలో ఉన్నాయని తెలిసి కూడా..."

"అది తర్వాత మాట్లాడదాం. ఎవరెవరివి పోయాయో లిస్టు వస్తుందా?"

వచ్చింది. పేషెంట్ల వివరాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి ఏ రోజు ఎవరికి ఏ ఎక్స్‌రే తీశారో అన్నీ తెలుస్తున్నాయి. చివరి మూడు వారాల బొమ్మలు ఎక్స్‌రే మిషను సొంత కంప్యూటర్లో ఉన్నాయని భయ్యా చెప్పాడు. సర్వరు రాకముందు తీసిన బొమ్మలు ఆ పాత కంప్యూటర్లో ఇంకా ఉన్నాయి, ఎవరూ చెరపలేదు. మధ్యలో ఎనిమిది నెలలవి మాత్రం లేవు. పాత రోజుల్లోలాగా ఫిల్మ్ ఉండేదైతే పేషెంట్లే ఇంటినుంచి తెచ్చేవాళ్ళు. కంప్యూటర్లో ఉంటున్నాయి కదా అని ఆసుపత్రిలో ఫిల్మ్ తీయడం మానేశారు.

ఆంటీ లిస్టును ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో కూర్చున్నారు. చెయ్యి విరిగి అతుక్కుని వెళ్ళిపోయినవాళ్ళను కొట్టేశారు. ఇంకా వైద్యం నడుస్తున్నవాళ్ళకు, మళ్ళీ రమ్మన్నవాళ్ళకు పక్కన గుర్తు పెట్టారు. "వీళ్ళు మనకు ముఖ్యం" అన్నారు. నన్ను తిట్టి ఉంటే నాకే తేలికగా ఉండేది.

ఆ శనివారం నేనక్కడే ఉండగా, గుర్తు పెట్టినవాళ్ళలో ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, లేత్ మిషను మీద పనిచేసే మనిషి, వేళ్ళ సందుల్లో నల్లటి నూనె మరకలు. వెంట భార్య. ఆరు నెలల కిందట ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడితే, పాతది కావొచ్చు, ఆరు నెలలాగి మళ్ళీ చూద్దాం అని డాక్టరుగారు పంపించారు. చెప్పినట్టే వచ్చాడు. కొత్త ఎక్స్‌రేలోనూ మచ్చ ఉంది. అది పెరిగిందా, అప్పుడున్నంతే ఉందా అన్నదే ప్రశ్న. అప్పటి రిపోర్టులో 'చిన్న మచ్చ' అని మాత్రమే ఉంది. ఎంత చిన్నదో చూపించే బొమ్మ లేదు.

డాక్టరుగారు ఆయనకు కంప్యూటరు పాడైందని చెప్పి, బయట కాసేపు కూర్చోమన్నారు. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చోకుండా, సర్వరున్న గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మేరా ఫోటో మిల్ గయా?" అన్నాడు. నా ఫోటో దొరికిందా అని.

దొరకలేదని, దొరకదని చెప్పాను. తప్పు నాదేనని కూడా హిందీలోనే చెప్పాను.

"మీరు డాక్టరా?"

"కాదు. కంప్యూటరు చూసేదాన్ని."

"అయితే ఏముంది, ఇంకోసారి తీసుకోండి. నేనిక్కడే ఉన్నాగా" అన్నాడు.

ఇంకోసారి తీసినా అది ఇవాళ్టి ఫోటోనే అవుతుంది, ఆరు నెలల కిందటిది రాదు అని నేను విడమరిచి చెప్పాల్సొచ్చింది. ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన భార్యకు ముందే అర్థమైంది. ఆవిడే భర్త భుజం మీద చెయ్యేసి బెంచీ దగ్గరికి తీసుకెళ్ళిపోయింది.

స్కాన్ కోసం ఆయన్ను ఢిల్లీలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ తేదీ దొరకడానికీ, రిపోర్టు రావడానికీ పదిహేను రోజులైంది. ఆ పదిహేను రోజులూ ఆయన పనికి వెళ్ళలేదని, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదని ఆయన భార్య తర్వాత ఆంటీతో చెప్పింది. రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదు. ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బు వదిలిపోయిన మచ్చే అది. ఆంటీ ఫోన్ చేసి ఆ సంగతి చెప్పినప్పుడు నేను ఆఫీసు క్యాబులో ఉన్నాను. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. పక్క సీట్లో అమ్మాయి కంగారుగా "దీదీ, సబ్ ఠీక్?" అని అడిగింది. అంతా బాగానే ఉందన్నాను.

అప్పటికే సర్వరు మళ్ళీ కట్టడం మొదలైంది. ఈసారి నాలుగు పెద్ద డిస్కులు. బీరువాలోవి రెండు, బతికినది ఒకటి, ఇంకో షాపులో కొన్నది ఒకటి. ఒకే పెట్టెలోంచి వచ్చిన డిస్కులు ఒకేసారి పోయే ప్రమాదం ఉంటుందని వేరే షాపు. రెండేసి డిస్కులు ఒక అద్దం జంట, బొమ్మల ముక్కలు ఆ రెండు జంటల మధ్య పంపకం. వేగమూ ఉంటుంది, ఒక డిస్కు పోయినా నష్టం ఉండదు. అది కాకుండా, రోజూ సాయంత్రం కొత్త బొమ్మలన్నీ చర్చి ఆఫీసులో పెట్టిన ఇంకో డిస్కులోకి కాపీ అయ్యేలా చేశాను. ఎవరైనా పొరపాటున ఒక ఫైలు చెరిపేస్తే అద్దంలో కూడా అది చెరిగిపోతుంది. అందుకని విడిగా ఒక కాపీ ఉండి తీరాలి. మెయిళ్ళు నా ఫోనుకూ, ఆంటీ ఫోనుకూ, భయ్యా ఫోనుకూ వచ్చేలా పెట్టి, ముగ్గురికీ ఒక ఉత్తుత్తి హెచ్చరిక పంపి చూశాను.

అయిపోయింది ఆంటీ అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని సర్వరు ముందు కూర్చున్నారు.

"ఒక డిస్కు పోయినా నడుస్తుందన్నావు కదా. ఏదీ, తీసి చూపించు."

"ఇప్పుడా? డాక్టరుగారు పేషెంటును చూస్తున్నారు."

"అందుకే ఇప్పుడు. వార్డులో ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందని ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదమ్మా. తిప్పి, ముల్లు చూసేదాన్ని. పోయినసారి నిన్ను ఊరికే నమ్మాను."

ఆవిడ ఆ విషయం గురించి నాతో అన్నది ఆ ఒక్క మాటే.

డాక్టరుగారికి చెప్పి, ముందు జాగ్రత్తగా అన్నీ బయట కాపీ అయ్యాయని చూసుకుని, "రెండో అర లాగండి" అన్నాను. ఆవిడే లాగారు. డాక్టరు గదిలోంచి "చల్ రహా హై" అని కేక వచ్చింది, బొమ్మలు తెరుచుకుంటూనే ఉన్నాయి. కానీ తెరమీద చూస్తే, పోయినట్టు కనబడుతున్నది రెండో డిస్కు కాదు, మూడోది. సాఫ్ట్‌వేర్ డిస్కులకిచ్చే వరసా, ముందు అరల వరసా ఒకటి కాదు. ఇంత అనుభవం ఉండీ అది సరిచూసుకోకుండా లెక్కేసేశాను. నిజంగా ఒక డిస్కు పాడైన రోజున ఇలాగే అంచనా మీద లాగి ఉంటే, పాడైనది లోపలే ఉండి, దాని జంటలో బాగున్నది బయటికి వచ్చేసి ఉండొచ్చు.

ఆంటీయే లేచి వార్డులోకి వెళ్ళి, కట్లు కట్టే తెల్ల ప్లాస్టరు చుట్ట తెచ్చారు. పేషెంటు వెళ్ళాక సర్వరు ఆపి, ప్రతి డిస్కు మీదా ముద్రించి ఉండే సీరియల్ నంబర్లో చివరి నాలుగు అక్షరాలు నేను చదివితే, ఆవిడ ప్లాస్టరు ముక్కల మీద రాసి అరల మీద అంటించారు. డిస్కు తిరిగి పెట్టాక దాంట్లోకి అంతా మళ్ళీ ఎక్కడానికి అయిదు గంటలు పట్టింది. తెరమీద శాతం పెరుగుతుంటే భయ్యా మధ్యమధ్యలో వచ్చి చూసి, వరండాలో ఉన్న స్టాఫుకు చెప్పొచ్చేవాడు. నలభై అయింది, డెబ్భై అయిందని.

తెరమీద నాలుగు డిస్కులూ బాగుంటే నాలుగు U లు కనబడతాయి, పోయినదాని స్థానంలో గీత పడుతుంది. ఆంటీకి అది బాగా నచ్చింది. పొద్దున్నే రాసే రిజిస్టర్లో, ఫ్రిజ్ టెంపరేచర్ పక్కన ఇంకో గడి గీయించారు. రోజూ తొమ్మిదింటికి భయ్యా వచ్చి ఆ నాలుగక్షరాలు రాసి సంతకం పెట్టాలి. మెయిళ్ళు వస్తాయి కదా ఆంటీ, ఇదెందుకు అంటే, "మెయిలు రాకపోతే బాగున్నట్టా, మెయిలే పాడైనట్టా?" అన్నారు. నెలకోసారి చర్చి ఆఫీసు డిస్కులోంచి ఏదో ఒక పాత ఎక్స్‌రే తిరిగి తెప్పించి చూడటం కూడా అదే రిజిస్టర్లోకి ఎక్కింది. డిస్కు పోతే ఏం చెయ్యాలో ఒక కాగితం మీద రాసిచ్చి, అదనంగా కొనిపించిన కొత్త డిస్కొకటి ఆంటీ బీరువాలో ఉంచాను.

మరుసటి ఏడాది మే నెలలో ఆఫీసు పని మీద పది రోజులు హైదరాబాద్ వెళ్ళాను. అక్కడుండగా ఒక మెయిల్ వచ్చింది, డిస్కు ఒకటి పోయిందని. వెంటనే ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తలేదు. భయ్యా కూడా ఎత్తలేదు. గంట తర్వాత ఆంటీయే చేశారు.

"చూశామమ్మా. నువ్వు రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకునే చేశాం. తెరమీద నంబరు ఆయన చదివాడు, ప్లాస్టరు మీద నంబరు నేను చదివాను. రెండుసార్లు చదివాకే లాగాం. బీరువాలో ఉంచిన కొత్తది పెట్టాం. ఇప్పుడు పన్నెండు శాతమైంది."

"నేను లైన్లో ఉండనా?"

"ఎందుకు? నీ పని నువ్వు చూసుకో."

ఢిల్లీ వచ్చాక శనివారం వెళ్ళి చూశాను. అంతా సరిగ్గా ఉంది. పోయింది మేం భయపడ్డట్టు మొదటిసారి బతికిన పాత డిస్కు కాదు, కొత్తవాటిలో ఒకటి. డాక్టరుగారికి డిస్కు మార్చిన సంగతే తెలియదు. నేను చెబితే, "అచ్ఛా? ఎప్పుడు?" అని, మళ్ళీ ఎక్స్‌రే చూడటంలో పడిపోయారు. భయ్యా రిజిస్టరు తెచ్చి చూపించాడు. మంగళవారం గడిలో రెండు U లు, ఒక గీత, ఒక U. బుధవారం నాలుగూ ఉన్నాయి.

"నిన్ను అడక్కుండా చేశామని ఏమైనా అనుకున్నావా?" అన్నారు ఆంటీ.

"లేదాంటీ" అన్నాను. నిజానికి కొంచెం అనుకున్నాను. హైదరాబాద్‌లో ఆ గంటసేపూ ఫోను చేతిలో పట్టుకుని హోటలు గదిలో అటూ ఇటూ తిరిగినదాన్ని. నేను లేకుండా వాళ్ళు అంత బాగా చేసుకున్నారంటే మొదట ఎందుకో వెలితిగానే అనిపించింది. ఇప్పుడు ఆ ఆసుపత్రికి రెండు నెలలకోసారి వెళితే సరిపోతోంది.